తెలుగు మాట్లాడిన యంత్రం

జపాన్ వాళ్ళు తీసిన ఆ రోబో సీరియల్ తెలుగుదేనని నేను చిన్నప్పుడు చాలాకాలం నమ్మాను. స్కూల్లో ఒక పిల్ల అది జాపనీస్ అంటే ఒప్పుకోక దాంతో పోట్లాడాను కూడా. అందులో నా తప్పేమీ లేదు. అమెరికాలో, ట్రాయ్ ఊళ్ళోని మా ఇంటి బేస్‌మెంట్‌లో ఆ యంత్రం తెలుగే మాట్లాడేది.

ఇంట్లో అమ్మ పెట్టిన రూల్ ఒకటుండేది. గరాజ్ తలుపు దాటి లోపలికి వచ్చాక ఇంగ్లీష్ వినపడకూడదు. వినపడితే టీవీ కట్. నాకేమో సబ్‌టైటిల్స్ చదివేంత వేగం ఇంకా రాలేదు. అందుకని నాకన్నా చాలా పెద్దవాడైన అన్నయ్య సౌండ్ తగ్గించి, కింద వచ్చే ఇంగ్లీష్ అక్షరాలను అప్పటికప్పుడు తెలుగు చేసి చదివేవాడు. మూతపడుతున్న వీడియో షాపులో ఆ డిస్కులు ఏరుకొచ్చిందీ వాడే.

వాడికి వచ్చిన తెలుగంతా ఇంట్లో విన్నదే. కాబట్టి మేడంత ఎత్తున్న ఆ యుద్ధయంత్రం అచ్చం అమ్మలాగా, "చెప్పులేసుకోకుండా ఎక్కడికే?" అని కసిరేది. శత్రువుల సేనాపతి ఆఫీస్ కాల్ అయిపోయాక మా నాన్న విసుక్కున్నట్టే విసుక్కునేవాడు. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

నిజానికి అది నవ్వే కథ కాదు. యుద్ధం ముగిసి మనుషులు దాదాపుగా పోయిన లోకం. సముద్రం ఎండిపోయి ఓడలు ఇసుకలో ఒరిగి ఉంటాయి. యంత్రాన్ని నడిపిన పైలట్ ఎప్పుడో చనిపోయాడు, అతని గొంతు మాత్రం అందులో ఉండిపోయింది. ఒక చిన్నపిల్ల ఆ పైలట్ సీట్లోనే కాపురం పెట్టి, ఆ గొంతుతో కబుర్లు చెప్పుకుంటూ, మనుషులున్న చోటు కోసం వెతుకుతుంది. పోరాటాలు తక్కువ. తుప్పు, గాలి, ఖాళీ ఊళ్ళు ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఎవరో దీన్ని నిద్రపుచ్చే రోబో కథ అని తీసిపారేస్తే చదివి నాకు ఒళ్ళు మండింది. చప్పుడు చేసే రోబోలు అందరికీ గుర్తున్నాయి. చనిపోయినవాడి గొంతును వెంటేసుకుని తిరగడం ఎలా ఉంటుందో చూపించిన దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

అదెలా ఉంటుందో నాకూ అన్నయ్య పోయాకే తెలిసింది. రెండేళ్ళ కిందట చలికాలంలో, ఆఫీస్ నుంచి వస్తుంటే ఫ్రీవే మీద మంచుకు వాడి కారు జారింది.

వాడి వాయిస్ మెసేజ్‌లు నా ఫోన్‌లో ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషే, అన్నీ హడావిడే. నాకు కావలసింది అది కాదు. అమెరికా యాసలో ముక్కలు ముక్కలుగా తెలుగు చదివిన ఆ గొంతు కావాలి. అది ఎక్కడా రికార్డు కాలేదు, నా చెవిలోంచి కూడా మెల్లగా జారిపోతోంది. అందుకే ఈ ఫిబ్రవరిలో, నేనిప్పుడుంటున్న నేపర్‌విల్ నుంచి ట్రాయ్‌లో అమ్మ దగ్గరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, బేస్‌మెంట్ అలమరలోంచి ఆ డిస్కులు బయటికి తీశాను. అక్షరాలు చూస్తే గొంతు తిరిగి వస్తుందేమోనని ఆశ. రాకపోతే ఇక దొరకదని భయం.

సౌండ్ తగ్గించి, పైకి, తెలుగులో చదవడం మొదలుపెట్టాను. రెండేళ్ళుగా బేస్‌మెంట్ గడప తొక్కని అమ్మ నా గొంతు విని సగం దాకా దిగి, మెట్ల మీద కూర్చుంది. నేను చదువుతూనే ఉన్నాను.

గొంతు వచ్చింది. మొదట నా మాటల వెనకాల సన్నగా, తర్వాత నా నోట్లోంచే. ఇంగ్లీష్‌లో జాగ్రత్త అని మాత్రమే ఉన్నచోట, వాడు చదివినట్టే, "చెప్పులేసుకోకుండా ఎక్కడికే?" అన్నాను. అమ్మా నేనూ ఒకేసారి నవ్వాం. ఆ నవ్వులో మూడో గొంతు కూడా వినిపించినట్టయి ఒళ్ళు జలదరించింది. అయినా ఆపాలనిపించలేదు.

మిగిలింది ఆఖరి సీన్. నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది అదే. యంత్రం బీడు మధ్యలో ఆగిపోతుంది. దూరంగా పొగ కనిపిస్తుంది, అంటే అక్కడ మనుషులున్నారు. పిల్ల దిగి ఒంటరిగా నడుస్తుంటే వెనక నుంచి యంత్రం చెబుతుంది: వెనక్కి చూడకు, నడువు, నేనిక్కడే నిలబడి ఉంటా. అన్నయ్య గొంతులో ఆ మాట మళ్ళీ వినాలనే నేను ఇంత దూరం వచ్చాను.

పిల్ల దిగింది. నడుస్తోంది. స్క్రీన్ మీద అక్షరాలు రాలేదు. డిస్కు పాడైందేమోనని వెనక్కి తిప్పి చూశాను. సౌండ్ పెంచాను. గాలి, పిల్ల అడుగుల చప్పుడు, అంతే. యంత్రం అంతకుముందే మూగబోయింది. దానికి ఆఖరి మాటంటూ లేనే లేదు.

చదవడానికి ఒక్క అక్షరం లేదు. మరి నేను విన్నదేమిటి? వాణ్ణి అడిగితే చెప్పేవాడు, అడగడానికి వాడు లేడు. ఇంతకాలం దాచుకున్నది కూడా నేను కల్పించుకున్నదేనా అని ఏడుపొచ్చేసింది.

"వెనక్కి చూడకు," అంది అమ్మ మెట్ల మీద నుంచి. "నడువు. నేనిక్కడే నిలబడి ఉంటా."

తిరిగి చూశాను. అమ్మ కళ్ళు టీవీ మీదే ఉన్నాయి. నా చిన్నప్పుడు మేం ఈ సీన్ చూసిన రోజు తను మా వెనకాల బట్టలు మడతపెడుతోందట. అదేం మాట్లాడదేంటని నేను ఏడుపు లంకించుకున్నానట. అన్నయ్య ఒక్క క్షణం ఆగి, ఏమీ లేని స్క్రీన్‌ను చూస్తూ, అక్కడ రాసి ఉన్నట్టే ఆ మాట చదివాడట.

"అది వాడు కల్పించింది కూడా కాదే," అంది. "వాడి కిండర్‌గార్టెన్ ఫస్ట్ డే, స్కూల్ బస్ ఎక్కనని ఒకటే ఏడుపు. నేనే చెప్పా. వెనక్కి చూడకు నాన్నా, ఎక్కు, నేనిక్కడే నిలబడి ఉంటా అని."

టీవీలో పిల్ల చుక్కంత అయి పొగలో కలిసిపోయింది. బీడులో యంత్రం ఒక్కటే మిగిలింది. ఆపేద్దామని రిమోట్ అందుకోబోతే అమ్మ వద్దని తల ఊపింది.

"ఉండనీ," అంది. "నేనింకా అక్కడే నిలబడి ఉన్నానే."