సోల్‌ఫ్రిడ్ వేసిన మార్కు

పగబడితే సోల్‌ఫ్రిడ్‌లాగే పగబట్టాలి బాబూ! ఒక్క మనిషి మీద, ఒక్క రోజు కోసం బతుకంతా కాచుక్కూర్చుంది. ఆ మనిషి హాల్వార్డ్, నార్వేలోని సెన్యా దీవిలో పెద్ద బడిలో చరిత్ర చెప్పే పంతులు.

ఏం చేశాడంటారా? బడి ఆఖరి ఏడాది నోటి పరీక్షలో ఆమె జవాబు సగంలో ఉండగానే అడ్డం తగిలాడు. "చాల్లేవే. రేపు ఫ్యాక్టరీలో నువ్వు కోసే చేపలకి చరిత్రెందుకు?" అని పళ్ళికిలించాడు. వేరే బడి నుంచి వచ్చిన పరీక్షకుడూ నవ్వాడు. నవ్వడూ మరి! చలికాలమంతా ఇద్దరూ కలిసి మంచు మీద స్కీలేసుకు తిరిగే దోస్తులాయె. ఆరుకి ఒకటి వేశారు. ఒకటంటే తప్పినట్టే. సర్టిఫికెట్ లేదు, కాలేజీ సీటు లేదు. నోటి పరీక్షలో వేసిన మార్కు తిరగదోడమని అడిగే వీలూ లేదు.

వాడన్నట్టే ఫ్యాక్టరీలో చేరింది. వేళ్ళు కొంకర్లు పోతుంటే చేపల తలలు నరికేది. ప్రతి తలా హాల్వార్డ్‌దే అనుకునేది. డ్యూటీ దిగాక చదివి, ప్రైవేటుగా పరీక్షలు కట్టి, హార్‌స్టాడ్‌లో చరిత్ర టీచరయింది. "పెళ్ళి చేసుకోవే" అని అక్క పోరుపెడితే, "ముందు ఆ ముసలాడి పని పట్టనీ" అనేది.

బయటి బడులకి పరీక్షకులు కావాలని ఏటా వసంతంలో జిల్లా ఆఫీసు అడుగుతుంది. ఎండ కాసే జూన్‌లో ఆ చాకిరీ ఎవడిక్కావాలి? అందరూ మొహం చాటేస్తే ఈవిడ మాత్రం ఎగబడి పేరిచ్చేది. ఎన్నో ఏళ్ళకి, హాల్వార్డ్ రిటైరయ్యే ఏడాదే, ఆమెని తన పాత బడికే వేశారు.

"రామ్మా, కాఫీ తాగు" అని హాల్వార్డ్ గోధుమరంగు చీజ్ పెట్టిన వాఫిల్ చేతికిచ్చాడు. 'గుర్తు కూడా పట్టలేదు, వెధవ!' అని ఆమె ఒళ్ళు మండిపోయింది.

"ఇప్పుడొచ్చే పిల్ల యిల్వా, చురుకైంది. ట్రోమ్సోలో డాక్టరు సీటుకి దరఖాస్తు పెట్టింది. ఇందులో ఐదొస్తే గట్టెక్కుతుంది" అన్నాడు.

"సీట్లతో మనకేం పని?" అంది సోల్‌ఫ్రిడ్.

యిల్వా వచ్చింది. గడగడా చెప్పింది. మెలిక పెట్టి అడిగితే దానికీ చెప్పింది. తన క్లాసులోనైతే ఆరే వేసేది సోల్‌ఫ్రిడ్. పిల్లని వరండాలో కూర్చోబెట్టి తలుపేశారు.

"ఐదుకి తక్కువ కాదు. ఏమంటావు?" అన్నాడు హాల్వార్డ్ సంబరంగా.

"మూడు."

"మూడా! నీకేమైనా మతి పోయిందా?"

"ఇద్దరికీ పొసగకపోతే బయటినుంచి వచ్చినవాళ్ళ మాటే చెల్లుతుంది. మీకు తెలీని రూలా ఇది?" ఆమె ముందుకి వంగింది. "నేను సోల్‌ఫ్రిడ్‌ని. చేపలకి చరిత్రెందుకన్నారే, ఆ సోల్‌ఫ్రిడ్‌ని."

ముసలాడి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. ఆహా! ఈ మొహం చూడ్డానికే కదా ఇన్నాళ్ళూ బతికింది!

"తప్పే, నీకు అన్యాయమే చేశాను" అన్నాడు. "నన్ను తిట్టు, కొట్టు. వీధిలో నిలబెట్టి కడిగెయ్యి. ఆ పిల్ల నిన్నేం చేసిందమ్మా?"

"పిలవండి దాన్ని."

యిల్వా నవ్వుతూ వచ్చి కూర్చుంది.

"మూడు" అంది సోల్‌ఫ్రిడ్.

నవ్వు అక్కడే ఆగిపోయింది. పిల్ల హాల్వార్డ్ వంక చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

"ఎక్కడ తప్పు చెప్పానండీ?"

సోల్‌ఫ్రిడ్ మార్కుల కాయితం ముందుకి లాక్కుని మూడు వేసింది.

"ఏదో ఒకటి చెప్పండి. ఒక్క తప్పు!"

"అంతే. మార్కు మూడే" అంది చివరికి.

యిల్వా లేచింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మీ పేరేంటండీ?"

"సోల్‌ఫ్రిడ్."

"ఇంటిపేరు?"

చెప్పింది.

"గుర్తుంచుకుంటాను" అని పిల్ల మెల్లిగా తలుపు వేసి వెళ్ళిపోయింది. కంట చుక్క నీరు లేదు. ఏడ్చినా బాగుండేదే అనిపించింది సోల్‌ఫ్రిడ్‌కి.