మసి అంటని మెతుకు

నా చిన్నప్పుడు బిట్రగుంటలో ఒక చైనా హోటల్ ఉండేదని చెబితే మా ఇంట్లో పిల్లలు నమ్మరు. ఇడ్లీ కొట్టు ఉండేదంటే నమ్ముతారు, బజ్జీల బండి ఉండేదంటే నమ్ముతారు. చైనా హోటల్ అనేసరికి, అమ్మమ్మ మళ్ళీ కోతలు మొదలుపెట్టిందని నవ్వుతారు. కోతలు కోయడంలో నాకు చిన్నప్పటి నుంచీ పేరున్న మాట నిజమే. మా రైల్వే కాలనీలో నన్ను రేడియో అని పిలిచేవారు. అందుకే ఆ హోటల్ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఒక్క మాట కూడా కలపకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మా నాయన రైల్వేలో గార్డు. పల్లెలో ఉన్న వరి పొలాన్ని బాబాయికి అప్పగించి మేము బిట్రగుంట క్వార్టర్స్‌కి వచ్చేశాం. నాయన తల్లి, మా అవ్వ, మాతోనే ఉండేది. అమ్మ నెమ్మదస్తురాలు కాబట్టి ఇల్లు నడిపేది అవ్వే. ఆమె మాట మా ఇంట్లోనే కాదు, కాలనీ కొళాయి దగ్గర కూడా చెల్లేది.

స్టేషన్ నుంచి కాలనీకి వచ్చే దారిలో ఒక పెంకుటింట్లో ఉండేది ఆ హోటల్. 'చైనా, వియత్నాం భోజనశాల' అని బోర్డు. నడిపేది ఒక సాయిబు. ఆయన తండ్రి ఎప్పుడో కావలి నుంచి బట్టల వ్యాపారానికని వియత్నాంలోని సైగాన్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడట. సాయిబు అక్కడే పుట్టి, అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. అక్కడ యుద్ధం ముదిరి బతుకు సాగక, భార్యనూ రెండు ట్రంకు పెట్టెలనూ వెంటబెట్టుకుని తండ్రి పుట్టిన నేలకు వచ్చాడు. భార్య వియత్నాం మనిషి. కాలనీవాళ్ళకు ఆ తేడా ఎందుకు? చైనామె అనేవాళ్ళు. నేను మాత్రం అక్కా అనేదాన్ని.

వంటంతా ఆ అక్కే. పొద్దుటి నుంచీ కోడి ఎముకలు మరిగించిన చారులో బియ్యపు సేమియా వేసి, పైన పుదీనా, ఉల్లికాడలు చల్లి ఇచ్చేది. బియ్యప్పిండిని పల్చగా ఆవిరి పట్టి, చాపల మీద ఆరబెట్టిన రేకుల్లో కూరలు చుట్టి పెట్టేది. జువ్వలదిన్నె నుంచి గంపలతో వచ్చే ఆడవాళ్ళ దగ్గర నెత్తళ్ళనే చిన్న చేపలు కొని, ఉప్పేసి జాడీల్లో నెలల తరబడి ఊరబెట్టి, ఆ ఊటను అన్నింట్లో కాసింత పోసేది. ఆ జాడీల వాసనకి మా అవ్వ ముక్కు మూసుకుని రోడ్డు అవతలి వైపు నుంచి నడిచేది. మా ఇంట్లో ఆవకాయ జాడీ మూత తీస్తే నాలుగు క్వార్టర్స్‌కి తెలిసిపోయేదన్న సంగతి ఆమెకు గుర్తుండేది కాదు.

డ్యూటీ దిగిన డ్రైవర్లూ, గార్డులూ ఆ నూడిల్స్‌కి బాగా అలవాటుపడ్డారు. ఆదివారం కాలనీ పిల్లలు గిన్నెలు పట్టుకొచ్చి చారు తీసుకుపోయేవారు. మా నాయన నన్ను అప్పుడప్పుడు తీసుకెళ్ళేవాడు. ఎవరి ప్లేటు వాళ్ళకి, తినడానికి చెంచా. ఆ అక్క, సాయిబు మాత్రం వాళ్ళ అలవాటు కొద్దీ రెండు పుల్లలతో తినేవారు. ఆ పుల్లలతో ఆమె జారిపోయే సేమియాను కూడా పట్టుకుంటుంటే నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, చలి తగ్గుతున్న రోజుల్లో, ఒకరోజు పొద్దున్నే సాయిబు మా ఇంటికొచ్చి నాయననూ నన్నూ భోజనానికి పిలిచాడు. ఆ రోజు హోటల్ లేదట. వాళ్ళావిడ దేశంలో అది కొత్త సంవత్సరం రోజు. ఆ పూట గడప మొదట తొక్కే మనిషిని బట్టే ఏడాదంతా ఎలా గడుస్తుందో తేలిపోతుందని వాళ్ళ నమ్మకం. "మీ పాప పాదం మంచిదని మా ఇంటామె నమ్మకం అన్నా. పాపనే ముందు అడుగు పెట్టమంటా ఉంది" అన్నాడు. నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. కొత్త గౌను వేసుకుని, ఆ గడప మీద కుడికాలు పెట్టి లోపలికి నడిచాను. ఆ అక్క రెండు చేతులూ జోడించి, నాకు, తొమ్మిదేళ్ళ పిల్లకి, వంగి నమస్కారం పెట్టింది.

టేబుల్ మధ్యలో ఒకే ఒక పెద్ద పళ్ళెం. అందులో అల్లం, ఉల్లికాడలు వేసి ఆవిరి మీద ఉడికించిన పండుగప్ప చేప, తలతో సహా. మా నలుగురి ముందూ నాలుగు గిన్నెల్లో అన్నం. ఆ అక్క తన గిన్నెలోంచి ఒక ముద్ద పుల్లలతో నోట్లో పెట్టుకుంది. తర్వాత అవే పుల్లలతో చేప బుగ్గ దగ్గర ఉండే మెత్తటి ముక్కను తీసి నా గిన్నెలో పెట్టి, "తిను" అంది. ఆమెకు అప్పటికి వచ్చిన తెలుగు మాటలు పదో పన్నెండో. అందులో అదొకటి.

మా ఇంట్లో కూర గరిట పొరపాటున కంచానికి తగిలితేనే కడిగి తెమ్మనేది అవ్వ. ఒకరు కొరికిన జాంపండు ఇంకొకరు తినాలంటే గుడ్డ చుట్టి కొరకాలి. అలా పెరిగిన దాన్ని. గిన్నెను అవతలికి తోసేసి, "ఛీ, ఎంగిలి!" అని గట్టిగా అన్నాను.

ఆ గదిలో ఆ మాట తెలియని మనిషి ఒక్కతే. ఆమె భర్త వైపు తిరిగి తన భాషలో అడిగింది. ఆయన ఏదో చెప్పాడు. ఆమె నవ్వి తలూపింది. ఆయన నిజం చెప్పలేదని నాకు ఆ వయసులోనే తెలిసింది. నాయన నా గిన్నెలోని ముక్కను తన చేత్తో తీసుకుని తిని, "బాగుండాదమ్మా" అన్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు. ముందు నడిచిపోయాడు.

నాయన తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. మాట్లాడకపోయేసరికి నా పక్షాన ఎవరైనా ఉండాలనిపించింది. ఇంట్లోకి రాగానే అవ్వ, "ఏం పెట్టినారే మీ చైనావాళ్ళు?" అని అడగడమే ఆలస్యం, అంతా చెప్పాను. చెప్పినదాంట్లో కొంచెం కలిపాను కూడా. నోట్లో పెట్టుకున్న ముక్కనే తీసి నా గిన్నెలో వేసిందన్నాను. ఎందుకలా అన్నానంటే, ఉన్నదున్నట్టు చెబితే అవ్వకు కావలసినంత కోపం రాదేమోనని. అంతకన్నా పెద్ద కారణం లేదు.

మర్నాడు పొద్దున ఆ మాట కొళాయి దగ్గరికి వెళ్ళింది. గోరంత మాట కొండంత కావడానికి మా కాలనీలో రెండు బిందెలు నిండేంత సేపు చాలు. మధ్యాహ్నానికి ఆమె నమిలిన ముక్క పెట్టిందన్నారు. సాయంత్రానికి ఆ చారులో అందరూ తిని వదిలేసిందంతా మళ్ళీ పోసి మరిగిస్తారన్నారు. ఆదివారం గిన్నెలు రావడం మానేశాయి. డ్యూటీ దిగినవాళ్ళు మొదట్లో నవ్వి కొట్టిపారేశారు కానీ, ఇంట్లో పెళ్ళాలు ఊరుకోరు కదా. హోటల్‌కి వెళ్ళినవాణ్ణి తోటివాళ్ళు, "ఏమబ్బా, ఎంగిలి మెతుకులు తిని వచ్చినావా?" అని ఏడిపించేవారు. మా నాయన ఒక్కడు మాత్రం రోజూ వెళ్ళి, ఖాళీ బల్లల మధ్య కూర్చుని తిని వచ్చేవాడు. అవ్వకీ ఆయనకీ మాటలు తగ్గిపోయాయి.

బడికి వెళ్ళే దారి ఆ హోటల్ ముందు నుంచే. ఖాళీ బల్లలు కనిపించేవి. నేను తల వంచుకుని పరిగెత్తేదాన్ని. ఆ ఏడాది ఆ గడప మొదట తొక్కింది నా పాదమే కదా.

ఒక సాయంత్రం అలా పరిగెత్తబోతుంటే ఆ అక్క గుమ్మంలో నిలబడి, "దా" అంది. ఆమె వెనకే వెళ్ళాను. లోపల ఎవరూ లేరు. సాయిబు బయటికి వెళ్ళినట్టున్నాడు. టేబుల్ మీద పళ్ళెం నిండా తెల్లటి అన్నం, పక్కన రెండు గిన్నెలు. ఒకటి ఆమెది, ఒకటి నాది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పొయ్యి మీది గిన్నె తెచ్చి, దాని అడుగున ఉన్న మసిని వేలితో తీసి, పుల్లల సన్నటి చివరలకు పట్టించింది. ఆమెకు మతి చలించిందనుకున్నాను.

ఆ మసి చివరలతోనే తన గిన్నెలోంచి ఒక ముద్ద తిన్నది. పెదాలు నల్లబడ్డాయి, పళ్ళు నల్లబడ్డాయి. తర్వాత నా కళ్ళలోకి చూస్తూ, చాలా నెమ్మదిగా, వేళ్ళ మధ్యే పుల్లలను తిరగేసింది. సన్నటి చివరలు ఆమె వైపు, లావు చివరలు నా వైపు. ఆ లావు చివరలతో పళ్ళెంలోంచి అన్నం తీసి నా గిన్నెలో పెట్టింది. "చూడు" అంది.

చూశాను. తెల్లగా ఉంది. ఒక్క మెతుక్కి కూడా మసి అంటలేదు.

మళ్ళీ పుల్లలు తిప్పి తాను తిన్నది. మళ్ళీ తిరగేసి నాకు పెట్టింది. రెండోసారి ఇంకా నెమ్మదిగా, మూడోసారి మామూలు వేగంతో. ఆ మూడోసారి ఎదురుగా కూర్చుని, అదే పనిగా చూస్తూ కూడా, పుల్లలు ఎప్పుడు తిరిగాయో నాకు కనపడలేదు. పండగ రోజున కూడా ఇలాగే తిరిగి ఉంటాయి. ఎంగిలి అంటే ఏమిటో ఈలోగా ఆమెకు ఎవరో చెప్పే ఉంటారు. పరాయివాళ్ళకు పెట్టేటప్పుడు నోటికి తగిలిన వైపు తగలకూడదన్న పట్టింపు మా అవ్వకు ఎంత ఉందో ఆమెకూ అంతే ఉంది. నేను చూడలేదు, అంతే. చూడనిదాన్ని చూశానని ఊరంతా చాటాను.

నా గిన్నెలో ఉన్నదంతా తిన్నాను. కళ్ళల్లో నీళ్ళు అన్నంలో పడుతుంటే తిన్నాను. ఆమె మా ఇంటి వైపు చెయ్యి చూపించి, "అవ్వ... చెప్పు" అంది. తలూపి వచ్చేశాను.

చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, మర్నాడు చెప్పలేదు. పుల్లలు తిరగేసిన సంగతి చెప్పడం తేలికే. నోట్లోంచి తీసిందని నేను కలిపిన మాట కూడా చెప్పాల్సి వస్తుంది, అదే కష్టం. రోజూ బడికి వెళ్ళేటప్పుడు ఆమె గుమ్మంలోంచి నా ముఖంలోకి చూసేది. రేపు చెబుతాను అనుకుంటూ వారం గడిపాను.

తర్వాతి సోమవారం నాయన డ్యూటీ నుంచి వచ్చి, సాయిబు హోటల్ ఎత్తేసి మద్రాసు వెళ్ళిపోతున్నాడని అమ్మకు చెప్పాడు. ఆ మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ ఒళ్ళో పడి, కలిపిన మాటతో సహా కక్కేశాను. అవ్వ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లేచి, ఉతికిన చీర కట్టుకుని, చారు తేవడానికి ఒక గిన్నె చేత పట్టుకుంది. ఆ హోటల్ కోసం మా అవ్వ గిన్నె పట్టుకోవడం అదే మొదలు. "దా పాపా. నలుగుట్లో అన్న మాట నలుగుట్లోనే కడగాల" అంది.

ముందు కొళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆడవాళ్ళందరూ ఉన్న వేళ. నా చేత అంతా చెప్పించింది. నా మాట వెనకవాళ్ళకు వినపడకపోతే మళ్ళీ చెప్పమంది. చివర్లో, "తప్పు ఈ బిడ్డది కాదు, నాది. చిన్నదాని మాట పట్టుకుని నేను ఊరు మీద పడినాను" అంది. ఎవరూ తిట్టలేదు. ఒకావిడ బిందె ఎత్తుకుంటూ, "సరేలే అత్తా, పోయేవాళ్ళు ఎట్టాగూ పోతుండారు గదా" అంది. అందరూ ఎవరి బిందెలు వాళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. కాలు జారితే తీసుకోగలం కానీ నోరు జారితే తీసుకోలేమని బడిలో వల్లె వేశాను కానీ, దాని అర్థం నాకు తెలిసింది ఆ కొళాయి దగ్గరే.

అక్కడి నుంచి హోటల్‌కి నడిచాం. తలుపుకి తాళం వేసి ఉంది. బోర్డు దింపేశారు. గోడ పక్కన నెత్తళ్ళ జాడీలు మాత్రం అలాగే ఉన్నాయి, బరువని వదిలేసినట్టున్నారు. మద్రాసు ప్యాసింజర్ పొద్దున్నే వెళ్ళిపోయిందని పక్క కొట్టతను చెప్పాడు. ఆ జాడీల వాసనలో, ముక్కు మూసుకోకుండా, అవ్వ ఖాళీ గిన్నెతో చాలాసేపు నిలబడింది. నేను అదే మాట వారం ముందు చెప్పి ఉంటే ఆమె వెళ్ళి ఆ బల్ల మీద కూర్చునేది. అవ్వ కూర్చుంటే కాలనీ కూర్చునేది.

ఈ మధ్య మా అల్లుడికి తడ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళ వీధి చివర చైనా, వియత్నాం వంటలు చేసే హోటల్ ఒకటి ఉంది. వెళ్ళినప్పుడల్లా మనవరాలు నన్ను అక్కడికే లాక్కెళుతుంది. పుల్లలు పట్టుకోవడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. అయినా వాటిని తిరగేసి, ముక్క జారిపోతున్నా పట్టుకుని, దాని గిన్నెలో వేస్తాను. "అమ్మమ్మా, తిరగేసి పట్టుకున్నావు" అని అది పకపకా నవ్వుతుంది. నవ్వనిస్తాను. ఎవరి గురించైనా ఒక మాట నాలుక చివరికి వస్తే, ఇందులో నేను చూసిందెంత, కలిపిందెంత అని అడ్డుపడే అలవాటు నాకు బిట్రగుంటలోనే అయింది. తప్పు చేస్తే ఆ పూటే, ఎక్కడ అన్నానో అక్కడే ఒప్పుకోవడం కూడా. రేపటి దాకా ఆగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం అన్నం తిని గడప దాటుతూ వెనక్కి చూశాను. ఆ అక్క నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చింది. దారిన పోయేవాళ్ళు ఆమెను చూసి నవ్వుకుంటున్నారు. పెదాల నిండా మసి ఉందని ఆమెకు తెలియదు. "అక్కా, మూతి తుడుచుకో" అంటే సరిపోయేది. ఎంగిలి అనడానికి అంత గట్టిగా లేచిన నోరు, ఆ ఒక్క మాటకి లేవలేదు. నాకు అరవై దాటాయి. నా కొంగుతో ఆ మసి తుడవాలని ఇప్పటికీ ఉంటుంది.