తవుడు నూనె మేత

చేపలకు చేపనూనే పెట్టడమేమిటని విసుగొచ్చి, బీర్పూర్‌లోని మా చేపల గుంటకు వేసే మేతలో తవుడు నూనె కలపడం మొదలుపెట్టాను. ఇక నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. మేత చల్లి, గట్టు మీద గొంతుక్కూర్చుని, తింటున్నాయా లేదా అని నీళ్లలోకి చూసేవాణ్ని. ఇంటికి వచ్చేవాణ్ని, చెప్పులు విడవకుండానే మళ్లీ పోయేవాణ్ని. చేపలు తిన్నాయి, పెరిగాయి కూడా. అయినా రుచి మారిందేమోనని ఒకటే గుబులు.

చివరికి ఒకదాన్ని పట్టుకొచ్చి వండాను. నా భార్య మొదటి ముద్ద పెట్టుకోగానే ఎదురుగా గొంతుక్కూర్చుని ఆమె నోటివంకే చూశాను.

"గట్ల గుడ్లప్పగించి చూస్తవేంది? నేనేమన్న నీ గుంటల చేపనా?" అంది.

"రుచి ఎట్లుందో చెప్పు" అన్నాను.

"నువ్వు తిన్నవా?"

నేనింకా ముట్టనే లేదు.