ఏసుపాదంగారూ, నా చెయ్యి నాకిచ్చెయ్యండి

ఏసుపాదంగారికి నమస్కారం పెడితే చెయ్యి తిరిగి రాదు. ఈ సంగతి మా ఊళ్ళో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. మనం రెండు చేతులూ జోడించేలోపే అందులో ఒకటి లాక్కుని, మణికట్టు మీద మూడు వేళ్ళు వేసి, రెండో చేత్తో జేబుగడియారం తీసి, కళ్ళు చికిలించి నిలబడేవారు. నిమిషం నిండేదాకా కాలవకి గండిపడ్డా వదిలేవారు కారు. ఆ తరవాత నాడి ఎంత కొట్టిందో అంకె చెప్పి, అప్పుడు "నమస్కారమండీ, బాగున్నారా?" అనేవారు. బాగున్నామో లేదో ఆయనకి అప్పటికే తెలుసు కదా!

నాది అరవై ఎనిమిది. ఊరు మొత్తానికి అదే నిదానమైన నాడి అని ఆయనే నలుగురిలో చెప్పారు. వీధిబడిలో ఇసకలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి, అదే ఊళ్ళో ముప్ఫై రెండేళ్ళు పంతులుగా చేశాను. పామర్రు దాకా నడవక్కర్లేకుండా ఊరికి తపాలా ఆఫీసు తెప్పించాను. గుడివాడ సభలో గుక్కెడు నీళ్ళు తాగకుండా గంటన్నర మాట్లాడాను. ఇన్ని చేసినా ఎక్కువగా చెప్పుకున్నది ఆ అరవై ఎనిమిదినే. తక్కినవన్నీ నేను చెబితేనే జనానికి తెలుస్తాయి. ఇది మాత్రం ఏసుపాదంగారు చెప్పారు.

బందరులో ఒక ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు వార్డు పని చేసి, పని మానిన రోజున పెద్ద డాక్టరుగారు బహుమానంగా ఇచ్చిన గడియారంతో ఊరు చేరిన మనిషి. మనుషుల్ని పేర్లతో కాక అంకెలతో గుర్తుపెట్టుకునేవారు. "డెబ్బై ఆరు గట్టుమీద కనిపించాడా?" అని అడిగితే, అది చాకలి దైవాధీనం అని మేం అర్థం చేసుకోవాలి. ఒకసారి మునసబుగారి చెయ్యి పట్టుకుని, "మొన్న ఎనభై, ఇవాళ తొంభై నాలుగు. ఏం దాస్తున్నారండీ?" అన్నారు. మునసబుగారు అప్పటినించీ ఆయన ఎదురైతే చేతులు రెండూ కండువాలో చుట్టుకునేవారు.

కూచిపూడివారు మా ఊళ్ళో ఆట కట్టినప్పుడు, ఆడవేషం కట్టిన నడివయసు భాగవతులు ఒకాయన జడ ఊపుకుంటూ జనం మధ్యనించి వస్తుంటే, దారిలో ఆ గాజుల చెయ్యి కాస్తా పట్టేశారు. హార్మోనియం ఆగింది. మద్దెల ఆగింది. నిమిషం గడిచింది. "నూట పన్నెండు. ఈ ఆటయ్యాక మజ్జిగ తాగి పడుకోండి, నాయనా," అన్నారు ఏసుపాదంగారు. ఆ భాగవతులు నిజంగానే అలా చేశారట. మర్నాడు పొద్దున్న వచ్చి మళ్ళీ చెయ్యి చూపించుకుని వెళ్ళారు.

ఆయన భార్య అన్నమ్మగారిని అడిగితే ఇంకో ముక్క చెప్పేవారు. "నా పెళ్ళిలో పాదిరిగారు చేతులు కలపమన్నారండీ. ఈయన కలిపారు. ప్రార్థన అయిపోయింది, పాట అయిపోయింది, చెయ్యి వదలరే! సిగ్గుతో చచ్చిపోతున్నాను. చివరికి చెవిలో అన్నారు, 'ఎనభై ఎనిమిది' అని. ఏదో ముద్దుమాట చెబుతారనుకున్నానండీ!"

ఇంకో గుణం కూడా ఉంది. ఆయనంత శుభ్రమైన మనిషి కృష్ణకి ఇవతల అవతల లేడు. సబ్బుతో చేతులు కడిగి, తరవాత ఆ సబ్బుని కడిగేవారు. ఎవరింటికి వెళ్ళినా గడపలో కాళ్ళు మూడుసార్లు కడుక్కుని, నాలుగోసారి కడగాలా అని ఆలోచించేవారు. ఇది గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఆ రోజుల్లో మావైపు వాళ్ళు చాలామంది బందరు రేవులో ఓడెక్కి బర్మాకి వెళ్ళేవారు. రంగూనుని మేం రంగం అనేవాళ్ళం. "మా తమ్ముడు రంగంలో ఉన్నాడు" అంటే బియ్యం మిల్లులోనో రేవులోనో పని అని అర్థం. ఓడెక్కాలంటే ముందు రేవులో డాక్టరు చూడాలి. నాలుక, కళ్ళు, టీకాల మచ్చలు, గుండె అన్నీ చూసి చీటీమీద ముద్ర వేస్తేనే ఎక్కనిచ్చేవారు. ముద్ర పడకపోతే మూటతో సహా ఇంటికి రావాలి.

అందుకని ప్రయాణం పెట్టుకున్నవాళ్ళందరికీ ఏసుపాదంగారు ఆదివారం గుడి విడిచాక తన పశువుల పాకలో పరీక్ష పెట్టేవారు. పెట్టమని ఆయన్ని ఎవరూ అడగలేదు. తెల్లచొక్కా తొడిగి, గొంతు మార్చి, ఇత్తడి గ్లాసు వీపుకి ఆనించి, రెండో వేపు చెవి పెట్టి వినేవారు.

"నెక్స్ట్! నాలుక! ఇంతేనా నాలుక? దాచుకుని ఏం చేస్తావురా? దగ్గు! దగ్గమంటే మేకలా చీదుతావేంటి? తిరుగు! ఊపిరి పీల్చు! పీల్చినది వదలవేం, ఇంటికి పట్టుకెళ్తావా?"

ఆ అరుపులకి గేదెలు పాలు ఎగ్గొట్టేవి. కాని మావాళ్ళకి అదంతా ఎక్కాల్లా కంఠతా వచ్చేసింది. ఎంతగా వచ్చిందంటే, ఒక విడతలో వెళ్ళిన పదకొండుమందీ రేవులో గుమాస్తా "నీ పేరేంటి?" అనగానే వరసగా నాలుకలు చాపారు. ఆయన బెదిరిపోయి వెనక్కి జరిగితే, దగ్గి, వెనక్కి తిరిగి, ఊపిరి పీల్చి నిలబడ్డారు. పదకొండు చీటీలకీ ముద్ర పడింది. "మీ ఊళ్ళో వైద్య కళాశాల ఏమైనా ఉందా?" అని డాక్టరుగారు అడిగారట.

ఆయన చేతిలో గట్టెక్కనిది ఒక్క భాగ్యమ్మ.

భాగ్యమ్మ మొగుడు రత్నం రెండేళ్ళ కిందట రంగం వెళ్ళి మిల్లులో కుదిరాడు. కాపరానికి రమ్మని ఉత్తరం రాస్తే నేనే చదివాను. ఊరి రంగం ఉత్తరాలన్నీ చదివి పెట్టిందీ, జవాబు రాసిందీ నేనే. భాగ్యమ్మ బందరు వెళ్ళింది, తిరిగొచ్చింది. గుండె నిమిషానికి నూట ముప్ఫై కొట్టిందట. "ఈసారికి వద్దమ్మా, వచ్చే ఓడకి చూద్దాం," అన్నారట డాక్టరుగారు. మంచిగానే అన్నారు పాపం. కాని ఈ పిల్లకి చిన్నప్పుడు టీకాలవాడికి భయపడి గాదెలో దూరి, పైకి రాలేక పొద్దుగూకేదాకా అందులోనే ఉండిపోయిన నాటినించీ తెల్లచొక్కా కనబడితే చాలు, గుండె దరువేస్తుంది. 

అంతలో రత్నం రెండో ఉత్తరం వచ్చింది. "మిల్లువాళ్ళు కాపరం ఉన్నవాళ్ళకని గది ఇచ్చారు. వచ్చే ఓడకి నువ్వు రాకపోతే ఆ గది ఇంకొకళ్ళకి ఇస్తారు. మళ్ళీ ఎప్పటికో." నేను చదువుతుంటే భాగ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఓడకి ఇంకా పదిహేడు రోజులుంది.

ఏసుపాదంగారు పాకలో ఆమెకి వరసగా మూడురోజులు పరీక్ష పెట్టారు. మొదటిరోజు నూట ముప్ఫై రెండు. మర్నాడు నూట ముప్ఫై ఆరు. మూడోనాడు ఆయన చొక్కా తొడుక్కుంటూ ఉండగానే పిల్ల గడ్డివాము పక్కన కూలబడింది. ఆయన చొక్కా విప్పేసి ఇంట్లోకి వెళ్ళిపోయారు.

ఆ తరవాతే ఆయనకి మతి పోయింది. ఊరంతా ఆ మాటే అనుకుంది. నేనూ అనుకున్నాను.

భాగ్యమ్మ అప్పుడే అలికిన అరుగుమీదకి, కాలవలోంచి మోకాలిదాకా బురదతో నడిచి వచ్చి, ఈ చివరినించి ఆ చివరికి నడిచారు. సబ్బుని కడిగే మనిషి!

"మావయ్యా! ఏంటిది? కళ్ళు అరువిచ్చి వచ్చారా ఎవరికైనా? ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో ఏం కడిగారు, ఈ కాళ్ళేనా?"

మనిషి మెత్తనే గాని, భాగ్యమ్మ నోరు మెత్తన కాదు. గట్టు తగాదా వస్తే జనం మునసబుకంటే ముందు ఆమెని పిలుచుకు వెళ్ళేవారు. అంత నోటికీ ఏసుపాదంగారు జంకకుండా ఆమె చెయ్యి పట్టుకుని, గడియారం చూస్తూ, "ఊఁ, ఇంకా అను" అన్నారు.

"అంటాను! మీకు భయమా నాకు? అన్నమ్మత్త చేత కూడా అనిపిస్తాను!"

మర్నాడు గేదెని తెచ్చి ఆమె చిక్కుడు పందిరికి కట్టారు. అవతలి మర్నాడు జల్లెడ అడిగి తీసుకుని, కన్నం చేసి తిరిగి ఇచ్చారు. ఎండబెట్టిన వడియాల్ని లెక్కపెడతానని కూర్చుని తినేశారు. రోజుకో ఆగడం. ఆమె కొంగు బిగించి తిట్టడం, ఈయన చెయ్యి పట్టుకుని తల ఊపడం, "ఆ మాట బాగుందమ్మా, మళ్ళీ అను" అనడం.

ఊరికి పెద్దవాణ్ణి కదా, నేనే వెళ్ళి కోప్పడ్డాను. "ఏసుపాదంగారూ, అసలే ఆ పిల్ల బెంగతో ఉంది. ఈ వయసులో ఇదేం పని?"

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. నిమిషం అయ్యాక, "ఎనభై. కోపం వచ్చింది పంతులుగారికి," అని వెళ్ళిపోయారు. అరవై ఎనిమిదివాణ్ణి నన్ను ఎనభై చేసినందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

పదిహేడోరోజు తెల్లవారుజామున పడవెక్కి బందరు వెళ్ళాం. కాయితాలు చదివేందుకు నేను, మూటలతో భాగ్యమ్మ, పిలవకపోయినా ఏసుపాదంగారు. రేవులో గిడ్డంగి లాంటి కొట్టు, అందులో డాక్టరుగారి బల్ల, పక్కన పెద్ద కిటికీ. భాగ్యమ్మ మూటలు ఆ కిటికీ అవతల పెట్టి, ఏసుపాదంగారిని కాపలా ఉంచి, మేమిద్దరం లోపలికి వెళ్ళాం.

డాక్టరుగారు తెల్లచొక్కాలో ఉన్నారు. భాగ్యమ్మ పెదవులు ఆరిపోయాయి. "రా అమ్మా, కూర్చో," అన్నారాయన. ఆమె కూర్చోలేదు, కూలబడింది. ఆయన మణికట్టు పట్టుకుని గడియారం తీశారు. నేను ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాను. క్రైస్తవుల పిల్లకైనా ఆయన సముద్రం దాటిస్తాడని నమ్మకం.

అప్పుడు భాగ్యమ్మ కిటికీవేపు చూసింది.

కిటికీ అవతల ఏసుపాదంగారు ఆమె మూట విప్పి, మాగాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని, మూతికి కట్టిన వాసెన గుడ్డ పీకి, కడగని చెయ్యి మణికట్టుదాకా లోపల ముంచి, నాలుగు వేళ్ళూ ఒకటొకటిగా నాకుతున్నారు.

"మావయ్యా!" అంది భాగ్యమ్మ. గిడ్డంగిలో పావురాలు లేచాయి. "పెట్టండి కింద! మీ చెయ్యి విరగ! ఆ మనిషి రెండేళ్ళనించి మాగాయ ముక్క ఎరగడని ముక్కముక్కా ఏరి పెట్టాను! ఇంట్లో అన్నమ్మత్త అన్నం పెట్టలేదా? ఓడెక్కినా నన్ను వదలరా మీరు? నాకడం చూడు, నాకడం, నెయ్యి గిన్నె దొరికిన పిల్లిలా! ఎప్పటి చెయ్యి అది? కడిగారా? మీరేనా ఊరికి శుభ్రం చెప్పేది?"

ఏసుపాదంగారు అయిదో వేలు కూడా నాకారు. ఆమె లేవబోయింది. డాక్టరుగారు చెయ్యి వదల్లేదు. ఆయన కూడా నిమిషం నిండితేగాని వదిలే రకం కాదు. గుండె విన్నారు, కళ్ళు చూశారు, మచ్చలు చూశారు. ఆమె తిట్లమధ్యనే నాలుక కూడా చాపి, మళ్ళీ లోపలికి తీసుకుని, తిట్టు ఆపిన దగ్గరనించి అందుకుంది.

"డెబ్బై రెండు," అన్నారు డాక్టరుగారు. టప్పున ముద్ర పడింది. "ఈ అమ్మాయి గుండె నాకుంటే బాగుండును. బయట ఆ పెద్దాయన్ని మాత్రం ఒకసారి లోపలికి పంపించండి."

తిరుగు పడవలో ఏసుపాదంగారు కాలవ నీళ్ళలో చేతులు కడుగుతూనే ఉన్నారు. కారానికి కళ్ళు ఎర్రబడి, ముక్కు కారుతోంది. ఆయన పచ్చడి తినగా నేను అంతకుముందు చూడలేదు.

"అసలు ఎలా తెలిసిందండీ మీకు?" అన్నాను.

"పాకలో కూలబడిన ఆ మూడోరోజు సాయంత్రం ఆ పిల్ల దివిసీమ చేపల మనిషితో తగువాడుతోందండీ. కుళ్ళిన చేప ఇచ్చాడట. అలవాటున చెయ్యి పట్టుకున్నాను. డెబ్బై రెండు! ముందురోజు నూట ముప్ఫై ఆరు కొట్టిన చెయ్యే! తిట్టేటప్పుడు ఆ పిల్లకి భయం ఉండదు పంతులుగారూ."

"ఆ ముక్క ఆ పిల్లకే చెప్పచ్చు కదా?"

"చెబితే నవ్వొస్తుంది. నవ్వుతూ తిడితే ఏం లాభం? ముప్ఫై ఏళ్ళు డాక్టర్ల వెనక నిలబడ్డాను. భయపడ్డ గుండె, జబ్బు గుండె ఒకలాగే వినిపిస్తాయండీ. నా ఇరవయ్యో ఏట నన్నూ ఇదే రేవులోంచి వెనక్కి పంపారు. నాకు జబ్బు లేదు. ఊపిరి పీల్చమంటే, పీల్చడం ఎలాగో మరిచిపోయాను." ఇంత చెప్పి మళ్ళీ చేతులు నీళ్ళలో పెట్టారు.

నేను ఊరికి తపాలా ఆఫీసు తెచ్చాను, గుడివాడ సభలో గంటన్నర మాట్లాడాను. ఊరిచేత పిచ్చివాడు అనిపించుకుని ఒకళ్ళని ఒడ్డు దాటించడం మాత్రం నాకు చేతకాలేదు.

రెండు నెలలకి రంగంనించి ఉత్తరం వచ్చింది. రత్నం రాత, భాగ్యమ్మ మాటలు. ఏసుపాదంగారు నా అరుగుమీదకి వచ్చి, కాళ్ళు నాలుగుసార్లు కడుక్కుని కూర్చున్నారు. నేను చదివాను.

"మావయ్యా! సిగ్గుందా మీకు? పదిహేనురోజులు నా చెయ్యి మీ చేతిలో ఎందుకుందో నడిసముద్రంలో తెలిసింది నాకు. అప్పుడు తిడదామంటే మీరు లేరు. మీకు కారం పడదని అన్నమ్మత్త నాకెప్పుడో చెప్పింది. అయినా జాడీ సగం చేస్తారా? మిగిలిన సగం ఈయన కళ్ళకద్దుకుని తింటున్నారు. గదికి కిటికీ ఉంది. కిటికీలోంచి చూస్తే తిట్టడానికి ఇక్కడ ఒక్క మనిషీ లేడు."

"ఆ చివరి ముక్క మళ్ళీ చదవండి," అన్నారు. చదివాను. తలెత్తి చూస్తే, తన మణికట్టు తనే పట్టుకుని గడియారం చూసుకుంటున్నారు.

"ఎంతండీ?"

"నూట నాలుగు," అన్నారు సిగ్గుపడుతూ. "నన్ను ఇవాళ కూడా ఓడెక్కనివ్వరండీ." గడియారం జేబులో పెట్టబోతూ ఆగి, నావైపు చెయ్యి చాపారు. "ఏదీ, మీది చూద్దాం."

అరవై ఎనిమిది అని ఊరూరా చెప్పుకు తిరిగినవాణ్ణి. ఆ పూట మాత్రం ఉత్తరంతో సహా చేతులు రెండూ వెనక్కి దాచుకుని, "నమస్కారమండీ" అని నోటితో అన్నాను.