జాబితాలో కొట్టేసిన వరుస

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న అబద్ధమే, నాలుగు మాటలు. దాని బరువు తలచుకున్నప్పుడల్లా, నన్ను అంతకంటే పెద్ద పాపం నుంచి తప్పించిన ఇద్దరు ఆడవాళ్లు గుర్తొస్తారు. వాళ్ల మీద కృతజ్ఞతతోనే మీకు ఇది చెబుతున్నాను.

అప్పటికి రాష్ట్రం విడిపోలేదు. సికింద్రాబాద్‌లో ఒక సర్కారీ ఆఫీసులో నేను సూపరింటెండెంట్‌ని. ఎక్కడైనా రేడియేషన్ ప్రమాదం జరిగితే ఆ చోటు శుభ్రం చేయడానికి ఏ సామగ్రి ఎంత కావాలో జాబితా రాసే పని నా నెత్తిన పడింది. నాకా విషయంలో ఓనమాలు కూడా తెలియవు. టైపిస్టు రూతమ్మ గారు పాత పుస్తకాలన్నీ తిరగేసి చిత్తుప్రతి చేసిచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో స్థిరపడిన మనిషి, మాట తక్కువ. ఆ చిత్తుప్రతిలో రేడియేషన్ కొలిచే మీటర్లు, డ్రమ్ములు, ప్లాస్టిక్ షీట్లు, అధికారులకు రక్షణ దుస్తులు. చివరి వరుసలో, ఊడ్చే కార్మికులకు కూడా దుస్తులు, మాస్కులు, గమ్‌బూట్లు.

ఆ వరుస కొట్టేశాను. వాళ్లు మన ఆఫీసు మనుషులు కారు, పైనుంచి ప్రశ్న వస్తుంది, ఫైలు తిరిగొస్తుంది అనుకున్నాను. నిజంగా అంతేనా? ఊడ్చేవాళ్లు నా కళ్లకు అసలు ఆనలేదేమో. ఎన్నిసార్లు ఆలోచించినా ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగిపోతాను.

తర్వాత లాలాగూడ వైపు ఒక మైదానంలో మాక్‌డ్రిల్ పెట్టారు. రేడియేషన్ ధూళికి బదులు ముగ్గుపిండి చల్లించి, చుట్టూ తాడు కట్టించాం. నాతో సహా ఆఫీసు వాళ్లమంతా దుస్తులు తొడుక్కుని తాడు బయట నిలబడ్డాం. తాడు లోపల చీపుళ్లతో ఆరుగురు ఆడవాళ్లు, హవాయి చెప్పులతో. ఊడ్చేసరికి వాళ్ల పాదాలు, కుచ్చిళ్లు, కనురెప్పలు తెల్లబడ్డాయి. అందరిలో పెద్దావిడ నర్సమ్మ చీపురు పక్కన పెట్టి, డ్రిల్లు చూడటానికి వచ్చిన మా పెద్దసారు ఎదుటికి వచ్చింది.

"సార్, తొడుగులేసుకున్నోళ్లు బయటనే నిలబడ్డరు. ఊడ్చేది మేమైతిమి. గిది పిండి గాక నిజంది అయితే మా గతేంది?"

పెద్దసారు నా వైపు తిరిగారు.

"టైపింగులో ఒక వరుస పోయింది సార్," అన్నాను.

హాజరుపట్టీ పట్టుకుని పక్కనే ఉన్న రూతమ్మ గారు నన్ను ఒక్కసారి చూశారు. "నేనే వదిలేశానండి. ఈ రోజే మళ్లీ టైపు చేసి ఇచ్చేస్తాను," అన్నారు.

ఎందుకు ఒప్పుకున్నారు? అడిగే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు. వాదన మొదలైతే ఫైలు అక్కడే ఆగిపోతుందని, నర్సమ్మ వాళ్లకు ఏమీ రాదని అనుకున్నారేమో. సాయంత్రానికి ఆ వరుస జాబితాలో చేరింది. మెమో రూతమ్మ గారికి వచ్చింది, ఆ ఏడాది రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. నేను నోరు విప్పలేదు.

మరుసటి డ్రిల్లులో నర్సమ్మ కొత్త గమ్‌బూట్లతో నడవలేక పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ అడగకపోయి, ఏదో ఒక రోజు నిజంగానే ప్రమాదం జరిగి ఉంటే, ఆ ఆరుగురినీ ఉత్త కాళ్లతో లోపలికి పంపిన చెయ్యి నాదే అయ్యేది. అడిగినందుకు ఆవిడకు ఈ జన్మంతా దణ్ణం పెట్టుకుంటాను.

రూతమ్మ గారి రిటైర్మెంటు సభలో నన్ను మాట్లాడమన్నారు. చేసిన పొరపాటు ఒప్పుకునే గుణం ఆవిడదని మెచ్చుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ తలవంచుకుని దండ సర్దుకున్నారు. ఇప్పుడు ఆవిడ లేరు. క్షమించమని అడగడానికి మనిషి లేరు, అడిగే అర్హతా నాకు లేదు. ఆ రోజు మైకు ముందు చెప్పాల్సింది ఈ రోజు మీకు చెబుతున్నాను, గుండె కాస్త తేలికపడుతోంది.

రూతమ్మ గారు ఏ పొరపాటూ చేయలేదు. అది నేను చేశాను.