ట్యాంకు వెనక రెండు టమాట మొక్కలు

ఉద్యోగ విరమణకు ముందు చివరి కొన్నేళ్లు నేను శంషాబాద్ ప్రాంతంలో ఉద్యాన అధికారిగా పనిచేశాను. అందులోనూ ఆఖరి ఏడాది, ఫిబ్రవరి చివర్లో జరిగిన సంగతి ఇది. మా శాఖలో ఉద్యాన అధికారి అంటే జిల్లా అధికారికీ రైతుకూ నడుమ తిరిగే మనిషి. డ్రిప్ సబ్సిడీ దరఖాస్తులు, పందిరి కూరగాయలు, మామిడి తోటల తనిఖీ మా పని. మిద్దెతోటలు మొదట్లో అందులో లేవు. పొలాలు ప్లాట్లయి, డాబాల మీద గ్రో బ్యాగులు పెరిగాక, వారంలో ఒక మధ్యాహ్నం వాటికి ఇవ్వమని పైనుంచి చెప్పారు.

నాకు ఆ పని విసుగనిపించేదని దాచను. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి కషాయాన్నీ ఒకదాని మీద ఒకటి కొట్టి, మొక్క మాడాక ఫోటో పంపేవారు. చలి తగ్గి ఎండ ముదిరే ఆ నెలరోజులూ ఇంటి తోటకు గడ్డుకాలం. తెల్లదోమ లేస్తుంది. టమాట పూత రాలుతుంది. మొక్క మొదట్లో ఎండుటాకులు పరవకపోతే కుండీ పొద్దెక్కేసరికే పొడిబారుతుంది. షేడ్ నెట్ ముందే కట్టుకోమంటే అందరూ ఎండలు మండిపోయాకే కట్టేవారు.

ఆ వారం పిలుపు తుక్కుగూడలోని ఒక కొత్త కాలనీ నుంచి వచ్చింది. పిలిచినావిడ సుభద్ర గారు, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ టీచర్. ఫిర్యాదు తన తోట గురించి కాదు, పక్కింటి యాదమ్మ తోట గురించి. యాదమ్మ టమాటకు ఆకుముడత వైరస్ వచ్చిందని, దాన్ని మోసే తెల్లదోమ గోడ దాటకముందే మొక్కలన్నీ పీకించమని ఆవిడ కోరిక. అది తప్పు కోరిక కాదు. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. దగ్గర్లోని మొక్క బాగున్నట్టు కనిపించినా లోపల రోగం ఉండవచ్చు. అందుకే అలాంటి చోట మేం అన్నీ తీసేయమనే చెబుతాం.

యాదమ్మ మెట్ల దగ్గరే నన్ను ఆపింది. "మేడం, జర చూసి చెప్పుండ్రి. గివి రావిర్యాల కాడ మా చేన్ల టమాట. భూమి పోయింది, గింజలే మిగిలినయి. ఉన్నయన్నీ ఈసారే నారు పోసిన. గివి వీకితే ఇగ మాకాడ ఏం లేదు," అంది. పుల్లగా, చిన్నగా కాసే ఆ నాటు రకం బజారులో దొరకదు. నా మాట ఎటు పడితే అటు ఆ విత్తనం ఉంటుంది లేదా పోతుంది. సంచీలోంచి భూతద్దం తీశాను.

డాబా మీద ముందు వరుస కుండీలు చూశాను. వైరస్ అయితే ఆకు పైకి ముడుచుకుని పసుపెక్కుతుంది, అక్కడొకటి ఇక్కడొకటిగా మొదలవుతుంది. ఇక్కడ చిగుళ్లన్నీ ఒకేసారి సన్నబడి, దారాల్లా మెలితిరిగాయి. కాండాలు వంగిపోయాయి. ఆకుల అడుగున దోమ దాదాపు లేదు. పక్కన బెండ ఆకులు కూడా చేతివేళ్లలా చీలి ఉన్నాయి. టమాట ముడత వైరస్ బెండను అలా చేయదు. సుభద్ర గారి డాబా మీద టమాట నిగనిగలాడుతోంది.

ఏం కొట్టారని అడిగాను. ఏమీ కొట్టలేదని యాదమ్మ గట్టిగా చెప్పింది. పది రోజులు బిడ్డ ఇంటికి పోయి వచ్చేసరికే ఇలా ఉందట. సుభద్ర గారు నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలే ఈ రోగం తెచ్చాయని యాదమ్మ అనుమానం. ఇద్దరూ అప్పటికే మాటలు మానేశారు.

నేను నీళ్ల ట్యాంకు వెనక్కి వంగి చూశాను. గోడకూ ట్యాంకుకూ నడుమ ఇరుకు సందులో రెండు టమాట కుండీలు. ఆ రెండూ నిటారుగా, పచ్చగా ఉన్నాయి. వీటికి మాత్రం ఏమీ కాలేదేమని పైకే అనుకున్నాను.

అప్పటిదాకా మెట్ల దగ్గర నిలబడి ఉన్న జంగయ్య, యాదమ్మ భర్త, జవాబు చెప్పాడు. "మందు పంపు ఈపుకు తగిలిచ్చుకుంటే గా సందుల మనిషి పట్టడు మేడం."

యాదమ్మ వెనక్కి తిరిగి అతని వైపు చూసింది. ఒక విమానం కిందికి దిగుతూ మా మీదుగా పోయింది.

తర్వాత విషయం బయటపడింది. భూమి పోయాక జంగయ్య ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ పెరిగితే కలుపుమందు కొట్టే పని చేస్తున్నాడు. భార్య ఊళ్లో లేనప్పుడు ఆమె మొక్కలకు పురుగు పడుతుందేమోనని, అదే పంపులో వేపనూనె కలిపి కొట్టాడు. ఆమెకు ఒక పని తప్పుతుందనుకున్నాడు. పంపు కడిగావా అంటే ఒకసారి నీళ్లు పోసి తిప్పానన్నాడు. "మక్కచేన్ల ఎన్నేండ్లు గట్లనే చేసిన. ఎన్నడేం కాలె," అన్నాడు.

అతను చెప్పింది నిజమే. ఆ మందు వెడల్పాకు మొక్కలనే చంపుతుంది. మొక్కజొన్న, జొన్న లాంటి గడ్డిజాతి పైర్లను ముట్టదు. పంపులో మిగిలిన చుక్క తన చేనును ఎన్నడూ పాడుచేయలేదు కాబట్టి, అది మిగులుతుందని ఆ మనిషికి తెలియనే లేదు. టమాటకు ఆ చుక్క చాలు.

పక్క డాబా నుంచి సుభద్ర గారిని పిలిచి, ఇది అంటురోగం కాదని ఇద్దరు ఆడవాళ్ల ముందూ చెప్పాను. ముందు వరుస మొక్కలు తీసేయమని, వాటి కాయలు తినవద్దని, కలుపుమందుకు వేరే పంపు పెట్టుకోమని చెప్పాను. వైరస్ అని రాసి ఉంటే ట్యాంకు వెనకవి కూడా పోయేవి. అవి ఉంచుకోవచ్చు, విత్తనం వాటి నుంచి తీసుకోవచ్చు. యాదమ్మ, భర్త వైపు చూడకుండానే, ముందు వరుస మొక్కలు పీకడం మొదలుపెట్టింది. అతని అవస్థ చూస్తే నాకే జాలేసింది.

వేసవిలో నేను మళ్లీ అటు వెళ్లినప్పుడు ఆమె బూడిదలో కలిపి ఆరబెట్టిన గింజలు రెండు పొట్లాలు కడుతోంది. ఒకటి సుభద్ర గారికట. మీ విత్తనం ఆవిడకెందుకని అడిగాను.

"ఒక్క ఇంట్ల ఉంచద్దు మేడం," అంది, జంగయ్యకు వినబడేలాగే. "మా ఇంట్ల ఈయన ఉన్నడు."

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ డాబా ఎక్కినా మొదట మొక్కను చూడలేదు. పంపు తెప్పించి, అందులో ఇంతకుముందు ఏం పోశారని అడిగేదాన్ని. ఆ ప్రశ్న భార్యాభర్తలిద్దరూ ఎదురుగా ఉన్నప్పుడే అడిగేదాన్ని.