ఇంటింటి పాళ్ళు

రాయపూర్‌లో మా కాఫీ పొడి కొట్టుకు బోర్డు ఉండేది కాదు. తెలీబంధా చెరువు దగ్గర దిగి రెండు సందులు లోపలికి నడిస్తే వాసనే చెప్పేసేది. నేను కోడలిగా వచ్చేనాటికే మావగారు అక్కడ గింజలు వేయించి, మరాడించి అమ్మడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. మా ఆయనది రైల్వే ఉద్యోగం, కొట్టంటే ఆయనకు చిరాకు. అత్తగారు పోయాక మావగారి పక్కన కూర్చోవడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. మొదట మొహమాటానికి కూర్చున్నాను, తర్వాత ఇష్టపడి కూర్చున్నాను.

మా దగ్గర అందరికీ ఒకే పొడి అమ్మే అలవాటు లేదు. ఏ ఇంటి పాళ్ళు ఆ ఇంటివి. కొందరికి గింజ మాడేంత వేగాలి, కొందరికి చికోరీ సగం పడాలి, ఒకరికి అసలు పడకూడదు. వచ్చినవాళ్ళు 'మా ఇంటి పొడి' అంటే చాలు, మావగారు మరి మాట్లాడకుండా కలిపి, పొట్లం కట్టి ఇచ్చేవారు. రైల్వే క్వార్టర్సు, ఆసుపత్రి నర్సులు, ధర్సీవా ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్ళు, ఇంతమంది పాళ్ళూ ఆయన తలలోనే ఉండేవి. ఎక్కడా రాసి పెట్టలేదు. అత్తగారి పాళ్ళు మాత్రం ఆయన ఎవరికీ అమ్మలేదు. ఆ కాఫీ మా ఇంట్లోనే తాగేవాళ్ళం.

తొంభైల మొదట్లో అందరికీ స్కీముల పిచ్చి పట్టింది. సబ్బు కొంటే చెంచా, టీ పొడి కొంటే గీకే కూపను. మా సందు మొదట్లో కిరాణా కొట్టతను రంగురంగుల తోరణాలు కట్టి మైకు పెట్టాడు. మా కొట్లో జనం పలచబడ్డారు. నాకు భయం వేసింది. మావగారికి వేయలేదు, అదే నాకు ఒళ్ళుమంట.

అప్పుడే ఒకతను వచ్చాడు. అతని గురించి చెప్పాలంటే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది. ప్రచారం పనులు చేసిపెడతానన్నాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. ఊరంతా హిందీలో మాట్లాడి మా గుమ్మంలోకి రాగానే అచ్చం మా బొబ్బిలి వైపు మాటలో "పెదనాన్నా, బాగున్నారేటి?" అన్నాడు. అంతే, ఇద్దరం పడిపోయాం. పరాయి ఊళ్ళో మన యాస వినపడితే మాకు మనిషి ఎవరో, ఏం పనో అడగాలనిపించదు. కుర్చీ వేసి, పళ్ళెం పెట్టేస్తాం. నెల తిరక్కముందే అతను మా వంటింట్లోకి వచ్చి "అక్కా, ఆవకాయ ఉన్నాదా?" అని అడిగేంతవాడయ్యాడు.

"కూపన్లూ చెంచాలూ మీకెందుకక్కా," అన్నాడు ఒకరోజు. "మీ దగ్గరున్నది మరెవరికీ లేదు. ఇంటింటికీ ఒక కార్డు వేయిద్దాం. పైన ఆ ఇంటివాళ్ళ పేరు, కింద వాళ్ళ పాళ్ళు. పండగకి పంపిద్దాం. ఇప్పుడంతా ఇదే నడుస్తోంది. నాకు లిస్టొకటి రాసిస్తే చాలు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. కొట్టుకు బోర్డు కూడా లేనిదాన్ని, ప్రతి ఇంట్లో మా కార్డు మేకుకు వేలాడుతున్నట్టు ఊహించేసుకున్నాను.

మావగారు ఒప్పుకోలేదు. "పాళ్ళు కాగితం మీద పెట్టేదేటమ్మా? రేపు ఆళ్ళకి మనసు మారితే పాళ్ళు కూడా మారతాయి."

"అలా చూస్తూ కూచుంటే కొట్టు మూసుకోవాలి మావయ్యా," అన్నాను. రెండు రోజులు ముభావంగా తిరిగాను. అన్నం గిన్నె కొంచెం చప్పుడయ్యేలా పెట్టాను కూడా. మూడో రోజు మధ్యాహ్నం ఆయనే "పుస్తకం తే" అన్నారు.

మూడు మధ్యాహ్నాలు చెప్పారు, నేను రాశాను. కళ్ళు మూసుకుని ఒక్కో ఇంటి గుమ్మం ముందూ ఆగినట్టు చెప్పేవారు. "ఆ నర్సమ్మగారికి రాత్రి డ్యూటీ వారం గట్టిగా ఉండాలి, తక్కిన వారాలు వొద్దు, గుండె దడంటాది. ఆ టీటీ గారింట్లో ముసలాయనకి వేరే, కొడుక్కి వేరే, రెండు పొట్లాలు." నాకు ఆ మూడు పూటలూ ఆయన మీద ఎంత గౌరవం కలిగిందో! అన్నిటికంటే ముందు మాత్రం మా ఇల్లే రాయమన్నారు. "మీ అత్త పాళ్ళు మొదట రాయి. తెల్ల కాగితం మీద ముందు ఆవిడుండాలి," అన్నారు.

లిస్టు పట్టుకెళ్ళినవాడు ఒక్క కార్డు నమూనా తెచ్చి చూపించాడు. గులాబి రంగు అంచు, బాగానే ఉంది. అందరివీ పండక్కి వచ్చేస్తాయన్నాడు. పండగ వచ్చింది, వెళ్ళింది. కార్డులు రాలేదు, అతనూ రాలేదు. జ్వరమేమో, ఊరెళ్ళాడేమో అని నేనే అతని తరఫున మావగారికి సాకులు చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నర్సమ్మగారు రెండు నెలలు కొట్టుకు రాకపోతే చూసి వద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. గూట్లో మెరుస్తున్న ప్యాకెట్ ఉంది. దాని మీద తెలుగులో 'మీ ఇంటి పాళ్ళు' అని అచ్చయి ఉంది. చేతిలోకి తీసుకుని, ఇదెక్కడిదని అడిగాను.

"అదేంటమ్మా, ఇది మీదే కదా?" అందావిడ. "మీ మావగారు పంపించారనే చెప్పి ఇచ్చాడు ఆ అబ్బాయి. ఇంటికే తెచ్చి ఇస్తుంటే ఇంక అంత దూరం ఎందుకు రావడం అనుకున్నాం. డ్యూటీ వారానికి వేరే ప్యాకెట్ కూడా ఇస్తున్నాడు."

ఏదో కంపెనీ వాళ్ళకు మా లిస్టు అప్పగించి అందులోనే పనికి కుదురుకున్నాడని తర్వాత తెలిసింది. నా ఆవకాయ తిన్నాడు, నన్ను అక్కా అన్నాడు, ఆ నోటితోనే ఇంటింటికీ వెళ్ళి మావగారి పేరు చెప్పాడు. కంపెనీ మీద నాకు అంత కోపం రాలేదు. అతని మీద మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

మావగారికి ఏమీ చెప్పలేదు. ధైర్యం చాల్లేదు. ఎలా చెప్పాలా అని వారం రోజులు గింజుకుంటూ ఉండగానే ఒక ఆదివారం పొద్దున్న మా తలుపు కొట్టారు. భుజాన సంచీతో ఒకమ్మాయి, చేతిలో టైపు చేసిన కాగితం. పాపం, పనికి కొత్త. లిస్టులో మొదటి ఇంటికి వచ్చింది.

"ఆప్‌కే ఘర్ కా స్వాద్, ఆంటీజీ," అంది నవ్వుతూ. మీ ఇంటి రుచే అని మా ఇంటికే వచ్చి చెబుతోంది.

నేను తలుపు వేసేయబోయాను. వెనక నుంచి మావగారు చెయ్యి చాపి ప్యాకెట్ తీసుకున్నారు. చించి వాసన చూశారు. పొడి వేళ్ళ మధ్య రాసి చూశారు. ఆ అమ్మాయిని మర్యాదగా పంపించేసి నా చేతికిచ్చారు.

"కలుపమ్మా," అన్నారు.

కలిపాను. గ్లాసు అడుగుదాకా తాగారు. నేను ఎదురుగా నిలబడి ఆయన తిట్టాలని ఎదురు చూశాను. తిడితే బాగుండేది.

"మీ అత్త పాళ్ళే. ఏ మాత్రం తేడా లేదు," అన్నారు. "ఎంత జాగ్రత్తగా రాసావమ్మా."

మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టాను. దాన్ని పక్కకు జరిపి, "టీ ఉంటే ఇయ్యమ్మా," అన్నారు. మా ఇంట్లో టీ పొడి లేదు. వెళ్ళి సందు మొదట్లో కొనుక్కొచ్చాను.